బోర్డు రాయించే ముందు: కొత్త వ్యాపారానికి పేరు ఎలా ఎంచుకోవాలి

షట్టర్‌కు రంగు పడింది. ర్యాకులు బిగించారు. ఎల్లుండి పొద్దున బాగుందని పంతులు ముహూర్తం పెట్టాడు. అప్పుడు మా షాపుకు వస్తారు, రేపు సాయంత్రానికల్లా బోర్డు కావాలని. "పేరేంది?" అని అడిగితే భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బావమరిదికి ఫోన్ కలుపుతారు. పది నిమిషాల్లో ఏదో ఒక పేరు తేలుతుంది. ఆ పది నిమిషాల పేరును వాళ్లు పదేళ్లో ఇరవై ఏళ్లో మోయాలి.

హన్మకొండలో నేను ఈ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొదట రేకు మీద బ్రష్‌తో రాసేవాళ్లం, తర్వాత ఫ్లెక్స్ వచ్చింది, ఇప్పుడు ఎల్‌ఈడీ అక్షరాలు. నేను రాసిన బోర్డుల్లో ఏడాది తిరగకముందే దించి మళ్లీ రాయాల్సి వచ్చినవి చాలా ఉన్నాయి. అందులో ఒకటి మా ఇంటిదే.

మా చెల్లె సకినాలు, గరిజలు, మడుగులు ఆర్డర్ల మీద చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఒక మంచి పేరు అనుకున్నాం. ఊళ్లో ఆ పేరుతో ఎవరూ లేరు, ఫేస్‌బుక్‌లోనూ లేరు. ధైర్యంగా ఐదు వేల కవర్లు అచ్చు వేయించాం. ఎనిమిది నెలలకు వేరే రాష్ట్రం నుంచి ఒక కంపెనీ వకీలు నోటీసు పంపాడు. అచ్చం అలాగే పలికే పేరు వాళ్లు తినుబండారాల కింద అంతకు చాలా ముందే రిజిస్టర్ చేయించుకున్నారు. తప్పు మాదే, వెతకకపోవడం. మిగిలిన కవర్లన్నీ పాతపేపర్ల వాళ్లకు వేశాం. డబ్బు పోయిందన్న బాధ కన్నా, అప్పుడప్పుడే నలుగురి నోట్లో పడిన పేరు పోయిందని చెల్లె ఏడ్చింది. ఆ పేరు ఇప్పుడు ఇక్కడ చెప్పను, అది వాళ్లది.

అందుకే చెబుతున్నాను. ముహూర్తానికి కనీసం నెల ముందు పేరు పని మొదలుపెట్టండి. నా అనుభవంలో పేరుకు రెండే రెండు గుణాలు కావాలి. ఒకటి, జనం నోట్లో ఇబ్బంది లేకుండా తిరగాలి. రెండు, అది మీ ఒక్కరిదే అయి ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి కోసమే.

ముందు ఒక వాక్యం రాసుకోండి

పేరు జోలికి పోకుండా, తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాయండి: ఎవరికి, ఏం అమ్ముతారు, ఐదేళ్ల తర్వాత ఇంకేం అమ్మాలనుకుంటున్నారు. "హాస్టల్ పిల్లలకు ఇంటి భోజనం, ముందుముందు కర్రీ పాయింట్" అని రాసుకున్న మనిషికి "ఫలానా మీల్స్" అన్న పేరు చాలదని అప్పుడే తెలుస్తుంది. మొబైల్ రిపేర్ అని పెద్ద అక్షరాలతో రాయించుకున్న ఒక కుర్రాడు రెండేళ్లకే సీసీ కెమెరాలు బిగించే పనిలోకి దిగాడు. అందరూ అతన్ని రిపేర్ అనే గుర్తుపెట్టుకున్నారు, కెమెరా కోసం పక్క షాపుకు పోయారు. సరుకు పేరును అసలు పేరులో ఇరికించకండి. బోర్డు మీద పేరు కింద చిన్న అక్షరాలతో రాసుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి

కాగితం మీద కనీసం ముప్పై పేర్లు పడాలి. నలుగురు కూర్చుని రాస్తే ఒక్క సాయంత్రం పని. మొదటి పది మాత్రం అందరికీ తట్టేవే వస్తాయి: దేవుడి పేరు, పిల్లల పేర్లు, ఇంటిపేరు మొదటి అక్షరాలు. రాయండి, తప్పు లేదు. కానీ అక్కడ ఆగకండి.

అసలు గని మన ఇంట్లో మాటల్లో ఉంది. మన అమ్మమ్మలు మాట్లాడిన మాటలు ఎన్నో ఇంకా ఏ బోర్డూ ఎక్కలేదు. భోజనం, పిండివంటల వ్యాపారమైతే గురిగి, కంచుడు, పటువ, శిబ్బి, బుక్కెడు, ఇసుర్రాయి. ధాన్యం, పప్పుల వాళ్లకు గుమ్మి, గరిసె. ఎరువులు, విత్తనాల షాపుకు పదును, తొలకరి, మొలక. నేత పనికి పడుగు, పేక, కండె, ఆసు. కొత్తవాడలో దర్రీలు నేసే ఇంట పుట్టిన వాళ్లకు ఇవి ఉగ్గుపాలతో వచ్చిన మాటలు. ట్యూషన్ సెంటర్‌కు పలక, బలపం. నలుగురు కూర్చునే చాయ్ దుకాణానికి సోపతి, ముచ్చట. ఇల్లు అలికి జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పెట్టే ఊళ్లో పెరిగిన ఆమె రంగుల దుకాణం పెడితే "జాజు" కన్నా మంచి మాట ఏముంటుంది?

ఇవి దారి చూపించడానికే చెబుతున్నాను. వీటిలో కొన్ని ఇప్పటికే ఎవరో ఒకరు పెట్టుకుని ఉండవచ్చు, వెతకకుండా తీసుకోకండి.

ఇంకో దారి, కొత్త మాట కట్టడం. అమూల్ అన్న పేరులో ఆనంద్ ఊరి పాల సంఘం ఇంగ్లిష్ అక్షరాలూ ఉన్నాయి, అమూల్యం అన్న అర్థమూ ఉంది. కెమెరాల కంపెనీ కోడాక్ అన్న మాటకైతే ఏ భాషలోనూ అర్థం లేదు. ఆ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ కావాలనే కల్పించి 1888లో నమోదు చేయించాడు. పొట్టిగా ఉండాలి, తప్పు పలకడానికి వీలుండకూడదు, ఇంకే పేరునూ గుర్తుకు తేకూడదు అని అతని పట్టు. ఆ మూడు మాటలు మా షాపు గోడ మీద రాసిపెట్టాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

మూడు ఇంగ్లిష్ అక్షరాల పేర్లు మాత్రం వద్దనే చెబుతాను. ఆ అక్షరాల వెనక ఉన్న తాత పేరు మీకు తెలుసు, గిరాకీకి తెలియదు. ఎస్, వీ, ఆర్, కే చుట్టే మన పేర్లన్నీ తిరుగుతాయి కాబట్టి ఒకే వీధిలో మూడు బోర్డులు ఒకేలా కనిపిస్తాయి.

కాకతీయ, భద్రకాళి, వరంగల్

వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరు ఈ మూడింటిలో ఏదో ఒకటి అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. నాకూ కోట దగ్గర ఆ కీర్తి తోరణాల ముందు నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ కాకతీయ పేరుతో 1976 నుంచి యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, శ్రీరాంసాగర్ కాలువ ఉంది, కరెంటు కేంద్రం ఉంది, చెరువుల పథకం వచ్చింది. ఇక హోటళ్లు, స్కూళ్లు, టైర్ల షాపులు లెక్కలేవు. వాటి పక్కన మీ కిరాణం కూడా కాకతీయ అయితే, "కాకతీయకు రా" అని ఫోన్‌లో చెప్పినప్పుడు అవతలి మనిషి "ఏ కాకతీయ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న రోజూ వినాల్సి వస్తుంది. పైగా పదిమంది వాడుతున్న మాటను నా ఒక్కడిదే అని రేపు మీరు పట్టుబట్టలేరు. ఓరుగల్లు, ఏకశిల, రుద్రమ, రామప్ప కూడా ఇదే దారిలో ఉన్నాయి.

అమ్మవారి పేరు సంగతి వేరు. మొక్కుకుని పెట్టే వాళ్లను కాదనే హక్కు నాకు లేదు. ఒక్క విషయం ఆలోచించమంటాను: మీ వ్యాపారంలో కవర్లు, పొట్లాలు, పేపర్ ప్లేట్లు బయటికి పోతాయా? పోతే ఆ పేరు, ఆ బొమ్మ రేపు మోరీలో, బస్టాండ్‌లో కాళ్ల కింద కనబడుతుంది. ఒక టిఫిన్ సెంటర్ ఆమె ఇలా చూసి తట్టుకోలేక నెల తిరగకముందే కవర్లు మార్చింది. దేవుడి పేరు బోర్డు పైన శ్రీకారంతో చిన్నగా రాయించుకోండి, పటం గల్లా పెట్టె పైన పెట్టుకోండి, వ్యాపారం పేరు వేరే ఉంచండి.

ఊరి పేరుకు రెండు చిక్కులున్నాయి. ఊరి పేరు, జిల్లా పేరు మారవచ్చు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా అయింది, అర్బన్ అని రాయించుకున్న వాళ్లంతా మళ్లీ నా దగ్గరికి వచ్చారు. రెండోది కొంచెం పెద్దది. కొన్ని సరుకులకు ఊరి పేరుతో కలిపి భౌగోళిక గుర్తింపు ఉంది, జీఐ ట్యాగ్ అంటారు. వరంగల్ దర్రీలకు 2018లో, వరంగల్ చపాటా మిర్చికి 2025లో వచ్చింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, పెంబర్తి ఇత్తడి పని, నిర్మల్ బొమ్మలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఈ పేర్లు ఏ ఒక్కరి సొంతమూ కావు. "వరంగల్ దర్రీస్" అన్నది మీ ట్రేడ్‌మార్క్‌గా, అంటే చట్టం దృష్టిలో మీ ఒక్కరి పేరుగా, రిజిస్టర్ చేయించుకోవడం కుదరదు. మీరు నిజంగా ఆ దర్రీలే నేయిస్తుంటే జీఐ కింద అధీకృత వాడకందారుగా నమోదు కండి, ఆ గుర్తు లేబుల్ మీద వేసుకోండి, మీ సొంత పేరు మాత్రం వేరేది పెట్టుకోండి.

నోటి పరీక్ష

ముప్పైలోంచి ఐదారు పేర్లు ఏరుకున్నాక ఈ పరీక్ష పెట్టండి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

సాయంత్రం ఆరింటికి హన్మకొండ చౌరస్తాలోనో, కరీంనగర్ టవర్ సర్కిల్‌లోనో నిలబడండి. బస్సుల హారన్ల మధ్య మీరు ఎంచుకున్న షాపు పేరు అసలు తెలియని బంధువు ఒకరికి ఫోన్ చేయండి. "నేను ఫలానా షాపు దగ్గర ఉన్నా, రా" అని ఒక్కసారే చెప్పండి. మళ్లీ చెప్పకండి. ఏం విన్నారో వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఇలా పదిమందితో చేయండి. కనీసం ఎనిమిది మంది సరిగ్గా రాయకపోతే ఆ పేరు కొట్టేయండి, ఎంత ఇష్టమైనదైనా సరే. ఇంట్లో కూర్చుని పలికితే అన్ని పేర్లూ బాగానే ఉంటాయి.

తర్వాత ఆటో పరీక్ష. ఆటో ఎక్కి "అన్నా, ఫలానా దగ్గర ఆపు" అనండి. ఆయన వెంటనే తిరిగి పలికితే మంచిది. "ఏంది?" అని రెండుసార్లు అడిగితే ఆలోచించండి.

మూడోది, జనం ఎలా కురచ చేస్తారో చూడండి. ఐదు మాటల పేరును ఎవరూ పూర్తిగా పలకరు. "శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర కిరాణా అండ్ జనరల్ స్టోర్స్" చివరికి "మూల మీది దుకాణం" అయిపోతుంది. ఆ బోర్డుకు పెట్టిన డబ్బంతా మూలకు పోయినట్టే. జనం ఎలాగూ రెండు మూడు అక్షరాలకు కుదిస్తారు కాబట్టి ఆ కుదింపు మీరే ముందు చేసి పేరుగా పెట్టుకోండి.

నాలుగోది, వేరే చెవులతో వినండి. మన ఊళ్లలో తెలుగు, ఉర్దూ, లంబాడీ కలిసి ఉంటాయి. సింగరేణి కాలనీల్లో, కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఇంకా చాలా భాషలు. దుక్కిలో "సాలు" చక్కటి మాట, కానీ హిందీ చెవికి తిట్టులా తగులుతుంది. "దూప" అంటే మనకు దాహం; కోస్తా నుంచి వచ్చినాయన అగరుబత్తీల షాపు అనుకుంటాడు, ఉర్దూ మాట్లాడే ఆయనకు ఎండ గుర్తుకొస్తుంది. "తొక్కు" అంటే మనకు పచ్చడి, నోట్లో నీళ్లూరుతాయి, విజయవాడకు పంపాలనుకుంటే అక్కడ అది అరటితొక్క. మెస్‌కు "ఎసరు" అని పెడదామని ఒకాయన వచ్చాడు. మాట ఎంతో బాగుంది, అన్నం ఉడికే చప్పుడు వినబడుతుంది. కానీ "వాడికి ఎసరు పెట్టిండు" అన్న మాట మన దగ్గర రోజూ వాడతాం కదా. రెండు రోజులు ఆలోచించుకుని ఆయనే వేరే పేరు తెచ్చుకున్నాడు.

ఇలా అన్నానని మన మాటలు వదిలేయమని కాదు. మీ గిరాకీ అంతా జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల వాళ్లే అయితే "తొక్కు" బంగారం లాంటి పేరు. సరుకు ఎంతదూరం పోతుందో, పేరు కూడా అంతదూరం పోగలగాలి.

రాత పరీక్ష

పేరును మూడు చోట్ల రాసి చూడండి: తెలుగులో, ఇంగ్లిష్ అక్షరాల్లో, ఫోన్‌లో టైప్ చేసి.

తెలుగులో ఒత్తులు ఎక్కువున్న పేరుకు బోర్డు మీద అక్షరం సైజు పడిపోతుంది. ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి పోతుంది, వాటికి చోటివ్వడానికి అసలు అక్షరాన్ని చిన్నది చేయాల్సిందే. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది: అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా కనిపిస్తుంది. రోడ్డుకు అవతల ఎనభై అడుగుల దూరంలో ఉన్న మనిషి చదవాలంటే ఎనిమిది అంగుళాల అక్షరం కావాలి. మూడడుగుల ఎత్తు బోర్డులో ఫోన్ నంబర్, ఇంగ్లిష్ పేరు పోను తెలుగుకు ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి. ధ, థ, ఘ, ఝ లాంటి అక్షరాలు దూరం నుంచి ఒకేలా ఉంటాయి. అవి లేని పేరు దొరికితే మేలు.

ఇంగ్లిష్ అక్షరాల దగ్గర అసలు టెన్షన్ మొదలవుతుంది. మన ఊరి పేరే చూడండి; హన్మకొండను ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. "సోపతి" అన్న పేరులో తికి టీ ఒక్కటే పెడతారా, పక్కన హెచ్ కూడా పెడతారా? "మా ఊరు" అంటే ఓలు రెండా, యూ ఒకటా? గిరాకీ గూగుల్‌లో కొట్టేది ఇంగ్లిష్ అక్షరాలే. పదిమందికి పేరు వినిపించి ఇంగ్లిష్‌లో రాయమనండి. ఎక్కువమంది ఎలా రాశారో అదే మీ స్పెల్లింగ్. మీకు అందంగా అనిపించిన స్పెల్లింగ్ పెట్టుకుంటే వెతికేవాళ్లకు మీరు దొరకరు.

వెతకడం: మా చెల్లె వదిలేసిన మెట్టు

ఇప్పుడు మీ చేతిలో రెండు మూడు పేర్లే మిగిలి ఉంటాయి. ఒక పూట కూర్చుని ఇవన్నీ చూడండి.

మొదట గూగుల్, గూగుల్ మ్యాప్స్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, రెండు మూడు స్పెల్లింగ్‌లతో. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్. దీనికి ఫీజు లేదు. అక్కడ పేరుతో వెతికే పద్ధతి ఉంది, పలికే తీరుతో వెతికే పద్ధతి కూడా ఉంది. రెండోదాన్ని తప్పకుండా వాడండి. మమ్మల్ని పట్టించింది స్పెల్లింగ్ కాదు, పలికే తీరే.

వెతికేటప్పుడు క్లాస్ నంబర్ అడుగుతుంది. సరుకులు, సేవలు కలిపి 45 క్లాసులు. బియ్యం, పిండి, మిఠాయిలు, పిండివంటలు 30లో. పచ్చళ్లు, పాల పదార్థాలు 29లో. విత్తనాలు 31లో, ఎరువులు 1లో, పురుగుమందులు 5లో. బట్ట 24లో, కుట్టిన దుస్తులు 25లో. దుకాణం నడపడం 35లో, కోచింగ్ 41లో, హోటల్, మెస్ 43లో. మీది ఒక్క క్లాసే అయినా చుట్టుపక్కల క్లాసులు కూడా చూడండి. పచ్చళ్లు చేసేవాళ్లు 30 చూడకపోవడం, మెస్ వాళ్లు 29, 30 చూడకపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

పేరు అచ్చం అదే కాకపోతే చాలు అనుకోకండి. అమృతధార అనే మందు పేరుకు, లక్ష్మణధార అనే పేరుకు నడిచిన కేసులో, రెండూ జనం పొరపడేంత దగ్గరగా ఉన్నాయని సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. మందు కొనే మామూలు మనిషి పేరును ముక్కలు చేసి అర్థాలు వెతకడు, మొత్తంగా చెవిన పడిందే గుర్తుంచుకుంటాడు అన్నది ఆ తీర్పులోని ఆలోచన. కాబట్టి పెద్ద బ్రాండ్ పేరుకు ముందు శ్రీ, న్యూ, సాయి తగిలించడం మీకు రక్ష కాదు. అలాంటి బోర్డు కావాలని వచ్చినవాళ్లకు నేను రాయనని చెప్పి పంపిన రోజులున్నాయి.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. పేరు సరుకునే వర్ణిస్తే దానికి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. బియ్యం షాపుకు "మంచి బియ్యం" అంటే అది అందరి మాట. "పదును" అన్న మాటనే తీసుకోండి. కత్తులు, కొడవళ్లు అమ్మే షాపుకు అది వర్ణన. ఎరువుల షాపుకు, నేల పదును గుర్తుకొస్తుంది కాబట్టి, సూచన మాత్రమే, రైతుకు అర్థమై ముఖం వెలుగుతుంది. కంప్యూటర్ సెంటర్‌కు అసలు సంబంధం లేని మాట, అందుకే గట్టిగా మీదవుతుంది. సరుకుకు దూరం జరిగే కొద్దీ పేరు మీ సొంతం కావడం తేలిక. కానీ గిరాకీకి అర్థం కావడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది. నేనైతే మధ్యలో ఉండే సూచన పేర్లనే ఇష్టపడతాను.

కొన్ని పేర్లు చట్టమే వద్దంటుంది. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం ప్రకారం మహాత్మా గాంధీ, ఛత్రపతి శివాజీ లాంటి పేర్లు, ప్రభుత్వ చిహ్నాలు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదు. కాకతీయ తోరణం బొమ్మ వేసుకోవడం వేరు, రాష్ట్ర ప్రభుత్వ ముద్రనే తెచ్చి విజిటింగ్ కార్డు మీద వేయడం వేరు.

కాగితాల మీద పేరు

చాలామందికి ఇక్కడే గందరగోళం. ఒక్కరే నడిపే సొంత వ్యాపారానికి పేరు రిజిస్టర్ చేసే ప్రత్యేక ఆఫీసు ఏమీ లేదు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్, లేబర్ డిపార్ట్‌మెంట్ దుకాణాల లైసెన్స్, జీఎస్టీ, తిండి వ్యాపారమైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) లైసెన్స్, వీటి మీద మీరు రాసిన పేరే మీ పేరు. ఉద్యమ్ ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అన్నిటి మీదా ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఒకదాంట్లో ట్రేడర్స్, ఇంకోదాంట్లో ట్రేడింగ్ అని ఉంటే బ్యాంకులో కరెంట్ అకౌంట్ దగ్గర ఆగిపోతారు. జీఎస్టీలో యజమాని అసలు పేరు వేరు, వ్యాపారం పేరు వేరు గడులుగా ఉంటాయి. తర్వాత వ్యాపారం పేరు మారిస్తే 15 రోజుల్లోపు అక్కడ సవరణ పెట్టాలి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో స్పైస్ ప్లస్ ఫారం మొదటి భాగంలో రెండు పేర్లు ఇవ్వవచ్చు, ఫీజు రూ. 1,000. ఒప్పుకుంటే పేరు 20 రోజులు మీకోసం ఆగుతుంది, ఆలోగా మిగతా పని ముగించాలి. బ్యాంక్, ఇన్సూరెన్స్ లాంటి మాటలుంటే సంబంధిత నియంత్రణ సంస్థ అనుమతి కావాలి.

ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి: కంపెనీ పేరు వచ్చినా, జీఎస్టీ వచ్చినా, వెబ్‌సైట్ పేరు దొరికినా ట్రేడ్‌మార్క్ వచ్చినట్టు కాదు. ట్రేడ్‌మార్క్ వేరే అర్జీ. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తుంది, ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. మామూలు వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఒక్కో క్లాసుకు రూ. 4,500, మిగతావాళ్లకు రూ. 9,000. ఆఫీసు వాళ్లు పరిశీలించాక ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలల్లోపు ఎవరూ అడ్డు చెప్పకపోతే రిజిస్టర్ అవుతుంది. పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. అర్జీ పెట్టగానే పేరు పక్కన టీఎమ్ అని వేసుకోవచ్చు. గుండ్రటి గీతలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టర్ అయ్యాకే. ఆ ఆర్ గుర్తు అందంగా ఉందని ముందే వేయమంటే నేను వేయను.

గల్లీలో చిన్న కిరాణానికి ఇదంతా అవసరమా అంటే, రిజిస్ట్రేషన్ అవసరం లేకపోవచ్చు. వెతకడం మాత్రం అవసరమే. మీ పేరు కవర్ మీదో, ప్యాకెట్ మీదో ఊరు దాటుతుంటే రిజిస్ట్రేషన్‌కు కూడా వెళ్లండి.

పంతులు దగ్గరికి ఎప్పుడు పోవాలి

నక్షత్రం చూపించుకోవడం, న్యూమరాలజీ లెక్క చూడటం మన దగ్గర మామూలే, ఇంట్లో పెద్దవాళ్ల మనశ్శాంతి కూడా ముఖ్యం. వరస మాత్రం మార్చండి. ముందు ఆయన దగ్గరికి పోయి అక్షరం తెచ్చుకుని పేరు వెతికితే చేతులు కట్టేసినట్టే. పరీక్షలన్నీ నెగ్గిన రెండు మూడు పేర్లు తీసుకుపోయి, "వీటిలో ఏది బాగుంటుంది చెప్పండి పంతులుగారూ" అని అడగండి. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం అదనంగా కలపమంటే, కలిపాక కూడా జనం అలాగే పలుకుతారా, అలాగే వెతుకుతారా చూడండి. మూడు ఏలు, రెండు హెచ్‌లు అయితే నష్టమే. కలిపితే మాత్రం అన్ని కాగితాల మీదా అదే స్పెల్లింగ్ పెట్టండి.

బోర్డు ఎక్కే రోజు

బోర్డు ఆర్డర్ ఇచ్చే ముందే వెబ్‌సైట్ పేరు కొని పెట్టుకోండి, ఇప్పుడు అవసరం లేకపోయినా. డాట్ ఇన్ చాలు. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. ఇన్‌స్టా పేరు, గూగుల్ మ్యాప్స్ పేరు అదే రోజు తీసుకోండి. మ్యాప్స్‌లో పేరు వెనక "బెస్ట్ టిఫిన్స్ ఇన్ హన్మకొండ" అని తోక తగిలించకండి, గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. ఫోన్‌పే, పేటీఎం స్కానర్ మీద కూడా దుకాణం పేరే వచ్చేలా చేయించండి. స్కాన్ చేస్తే వేరే ఎవరి పేరో కనబడితే గిరాకీ డబ్బు పంపడానికి వెనకాడుతుంది.

బోర్డు మీద తెలుగు పైన, మిగతా భాషలు కింద ఉండాలన్నది మన దుకాణాల నియమం. జీఎస్టీ ఉంటే ఆ నంబర్ కూడా ముఖద్వారం దగ్గర బోర్డు మీద కనబడాలి, దానికి చోటు ముందే వదలమని నాలాంటి వాళ్లకు చెప్పండి. చాలామంది ఇది చివర్లో గుర్తొచ్చి స్టిక్కర్ అంటిస్తారు.

అచ్చుకు ఒప్పుకునే ముందు ప్రూఫ్‌ను ఇంట్లో చదువుకునే పిల్లలతో గట్టిగా చదివించండి. ఫాంట్ మారినప్పుడు స్త్ర, ర్థ లాంటివి విడిపోయి కనిపిస్తాయి, మీ కళ్లు అలవాటు పడి పట్టుకోలేవు.

బోర్డు పైకి ఎక్కాక కొబ్బరికాయ కొట్టకముందే రోడ్డు దాటి అవతలి వైపు నిలబడి ఒక ఫొటో తీయండి, తేదీ పడేలా. దాన్ని మీ మెయిల్‌కు పంపుకోండి. బోర్డు బిల్లు, మొదటి కవర్ల బిల్లు, మొదటి గిరాకీకి ఇచ్చిన బిల్లు ఒక ఫైల్‌లో పెట్టండి. రేపు ఎవరైనా ఆ పేరు మాదంటే, మీరు ఏ రోజు నుంచి వాడుతున్నారో చూపించేది ఆ ఫైలే. మా చెల్లె రెండో బోర్డు ఎక్కిన రోజు ఫొటో నేనే తీశాను, అది ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది.